మ్యాక్ ప్రో: ఏడు స్లాట్ల పెట్టెలో పెంచుకోగలిగింది ఎంత?

యాపిల్ 2023 జూన్‌లో విడుదల చేసిన మ్యాక్ ప్రో డెస్క్‌టాప్ మన దేశంలో 7,29,900 రూపాయల దగ్గర మొదలైంది. ఆ ధరకు ఎం2 అల్ట్రా చిప్, 64 జీబీ మెమరీ, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వచ్చేవి. అదే చిప్, అంతే మెమరీ, అంతే ఎస్‌ఎస్‌డీ ఉన్న మ్యాక్ స్టూడియో అనే చిన్న డెస్క్‌టాప్‌ను కూడా యాపిల్ అదే రోజు ప్రకటించింది. అప్పట్లో అమెరికాలో దాని ధర 3,999 డాలర్లు, మ్యాక్ ప్రో ధర 6,999 డాలర్లు. లెక్కలు చేసే భాగం రెండింటిలోనూ ఒకటే కాబట్టి, పైన కట్టే 3,000 డాలర్లలో వేగం కోసం కట్టేది ఏమీ లేదు. అవన్నీ ఆ పెద్ద పెట్టెకూ, అందులోని పీసీఐఈ స్లాట్లకూ, అంటే అదనపు కార్డులు బిగించుకునే చోట్లకూ, కట్టేవే. అందుచేత ఈ యంత్రాన్ని బేరీజు వేయడానికి బెంచ్‌మార్క్ పట్టికలు పెద్దగా పనికిరావు. ఆ స్లాట్లలో ఏం పెట్టుకోగలం, ఏం పెట్టుకోలేం అన్నది తేలితే కొనాలా వద్దా అన్నదీ తేలిపోతుంది. హైదరాబాదులో సినిమా, ఓటీటీ పనుల మీద ఆధారపడ్డ ఎడిటింగ్ గదులు, మిక్సింగ్ థియేటర్లు, విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఈ సమీక్ష ముఖ్యంగా వాటిలో కంప్యూటర్లు కొనే బాధ్యత ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్లాట్‌లో పెట్టబోయే కార్డు పేరు, మోడల్ నంబరు కొనకముందే చెప్పగలిగినవాళ్లకు మ్యాక్ ప్రో తగిన యంత్రం. 'ముందుముందు అవసరమైతే పెంచుకోవచ్చు' అన్న ధీమాతో కొనేవాళ్లకు మాత్రం ఇది తగదు, ఎందుకంటే మామూలుగా ఎవరైనా పెంచుకోవాలనుకునే రెండింటినీ, అంటే మెమరీనీ గ్రాఫిక్స్‌నూ, ఇందులో పెంచుకునే దారి లేదు.

పెట్టె తయారీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. 2019 నమూనా కోసం రూపొందించిన స్టెయిన్‌లెస్ స్టీలు చట్రాన్నీ, గుండ్రటి గుంటలు చెక్కిన అల్యూమినియం ముఖాన్నీ యాపిల్ దాదాపు అలాగే ఉంచింది. కవరు తీసే పద్ధతి కూడా పాతదే. యంత్రాన్ని షట్‌డౌన్ చేసి కాసేపు చల్లారనివ్వాలి. పవర్ కేబుల్ తప్ప మిగతావన్నీ పీకి, లోహపు భాగాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోవాలి. ఆ తర్వాతే పవర్ కేబుల్ తీసి, నెత్తిన రెండు పిడుల మధ్య ఉన్న గొళ్లేన్ని లేపి పక్కకు తిప్పితే, కవరు మొత్తం ఒకే ముక్కగా పైకి లేచి వచ్చేస్తుంది. లోపల కేబుళ్ల చిక్కుముడులు ఉండవు. కార్డు బిగించేచోట స్క్రూలు వదులు చేసినా ఊడి బోర్డు మీద పడవు. గదిలో నిలబడి, టార్చి లైటు అవసరం లేకుండా, కొద్ది నిమిషాల్లో ఒక కార్డు మార్చేయవచ్చు. వర్క్‌స్టేషన్లు విప్పి బిగించే పని చేసేవాళ్లకు ఇది ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కవరు ఎత్తగానే మొదట కంటబడేది లోపలి ఖాళీ. పెట్టె ఎత్తు 52.9 సెంటీమీటర్లు, బరువు 17 కిలోలకు కాస్త తక్కువ. ఇదే ఎం2 అల్ట్రా చిప్‌ను యాపిల్ 9.5 సెంటీమీటర్ల ఎత్తున్న మ్యాక్ స్టూడియోలో ఇమిడ్చింది. 2019 నమూనాలో ఇదే చట్రం నిండా మెమరీ మాడ్యూళ్లకు 12 స్లాట్లు, రెండు భారీ గ్రాఫిక్స్ మాడ్యూళ్లకు చోటు, 28 కోర్ల దాకా ఉన్న ఇంటెల్ జియాన్ ప్రాసెసర్, వాటన్నిటికీ చాలినంత 1.4 కిలోవాట్ల పవర్ సప్లై ఉండేవి. వాటి కోసం కట్టిన ఇంట్లో ఇప్పుడు వాటిలో చాలా భాగం లేవు.

ఉన్నవాటి సంగతి చూద్దాం. స్లాట్లు మొత్తం ఏడు. ఒకటి సగం పొడవుది, అందులో కొన్ని పోర్టులుండే యాపిల్ సొంత ఐఓ కార్డు ముందే బిగించి వస్తుంది. కాబట్టి మన చేతికి మిగిలేవి ఆరు. ఆరూ పూర్తి పొడవున్న పీసీఐఈ నాలుగో తరం స్లాట్లు. రెండు 16 లేన్లవి, నాలుగు 8 లేన్లవి. లేన్లంటే డేటా పోయే దారులు, ఎన్ని ఎక్కువుంటే వేగం అంత ఎక్కువ. అదనపు కరెంటు కావలసిన కార్డులకు 75 వాట్ల చొప్పున ఇచ్చే ఆరు పిన్నుల కనెక్టర్లు రెండు, 150 వాట్లు ఇచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఒకటి, వెరసి 300 వాట్లు ఉన్నాయి. లోపల హార్డ్ డిస్క్‌లు తగిలించుకునే రెండు సాటా పోర్టులు, ఒక యూఎస్‌బీ పోర్టు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉండే చిన్న యూఎస్‌బీ పరికరం, అంటే డాంగిల్, యంత్రం వెనక వేలాడుతూ ఎవరి చేతికో తగిలి ఊడిపోకుండా ఆ లోపలి యూఎస్‌బీ పోర్టుకు తగిలించి కవరు మూసేయవచ్చు. చిన్న విషయమే అయినా స్టూడియోలో పనిచేసేవాళ్లకు దీని విలువ తెలుసు.

ఆరు స్లాట్ల లేన్లనూ కూడితే 64 వస్తాయి. చిప్ నుంచి స్లాట్ల వైపు వచ్చే లేన్లు మాత్రం అన్ని లేవు. మధ్యలో ఒక పీసీఐఈ స్విచ్ ఉండి, స్లాట్లను రెండు పూల్‌లుగా విడదీసి, ఒక్కో పూల్‌లోని కార్డులన్నీ దానికున్న బ్యాండ్‌విడ్త్‌ను పంచుకునేలా చేస్తుంది. ఏ కార్డు ఏ పూల్‌లో ఉందో, ఆ పూల్ మీద ఎంత భారం పడుతోందో ఎక్స్‌పాన్షన్ స్లాట్ యుటిలిటీ అనే ప్రోగ్రాం తెర మీద చూపిస్తుంది. కావాలంటే మనమే మార్చుకోవచ్చు, వద్దనుకుంటే యంత్రానికే వదిలేయవచ్చు. నిత్యం చేసే పనుల్లో ఈ పంపకం అడ్డు రావడం అరుదు, ఎందుకంటే ఒక వీడియో కార్డు, ఒక ఆడియో కార్డు, ఒక నెట్‌వర్క్ కార్డు ఒకేసారి గరిష్ఠ వేగంతో లాగే సందర్భాలు ఎక్కువ ఉండవు. కానీ వేగవంతమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కార్డులు రెండు మూడు పెట్టి, అన్నింటి నుంచీ ఒకేసారి పూర్తి వేగం ఆశించేవాళ్లు కాగితం మీది 64 లేన్లను నమ్ముకోకూడదు.

ఈ స్లాట్లు నిజంగా అక్కరకు వచ్చే చోట్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది సౌండ్ మిక్సింగ్. స్టూడియోల్లో వాడే ఆడియో సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్ తాలూకు హెచ్‌డీఎక్స్ వ్యవస్థ నడవాలంటే ఆవిడ్ సంస్థ హెచ్‌డీఎక్స్ కార్డు పీసీఐఈ స్లాట్‌లో ఉండాలి. కార్డు మీదున్న ప్రాసెసర్లు కొంత భారం మోస్తాయి, కార్డు నుంచి డిజిలింక్ కేబుళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్‌లకు వెళతాయి. డాల్బీ అట్మాస్ మిక్సింగ్ చేసే పెద్ద థియేటర్లలో ఒకటికి మించి కార్డులు పెట్టడం మామూలే. మ్యాక్ స్టూడియోలో స్లాట్ లేదు కాబట్టి, ఇవే కార్డులను థండర్‌బోల్ట్ (బయటి పరికరాలను కలిపే వేగవంతమైన కేబుల్ పద్ధతి) ఛాసిస్ అనే వేరే పెట్టెలో పెట్టి కేబుల్‌తో కలపాలి. అలాగైనా పని నడుస్తుంది. ఎంతోమంది నడుపుతున్నారు కూడా. కానీ ఆ పెట్టెకు వేరే పవర్ కేబుల్, వేరే ఫ్యాన్, వేరే చోటు కావాలి. వదులైన ఒక థండర్‌బోల్ట్ కేబుల్ చాలు మిక్సింగ్ మధ్యలో సెషన్ ఆగిపోవడానికి. గది అద్దె, ఇంజనీరు సమయం, ఊళ్లోకి వచ్చి కూర్చున్న దర్శకుడి సమయం లెక్కలోకి తీసుకుంటే, కార్డులన్నీ ఒకే పెట్టెలో, స్క్రూలతో బిగించి ఉండడానికి తప్పకుండా ఒక ధర ఉంది. మెషీన్ రూంలో ర్యాక్‌లో బిగించే నమూనాను కూడా యాపిల్ 7,499 డాలర్లకు అమ్మింది. నా లెక్కన ఈ యంత్రానికి అసలైన తావు ఆ ర్యాకే.

ఇంకా కొన్ని పనులు ఉన్నాయి. కలర్ గ్రేడింగ్ గదిలో మానిటర్‌కు ఎస్‌డీఐ అనే స్టూడియో వీడియో సిగ్నల్ పంపడానికి బ్లాక్‌మ్యాజిక్ డెక్‌లింక్ కార్డు గాని, ఏజేఏ కోనా కార్డు గాని ఇందులో చక్కగా ఇముడుతుంది. పలువురు ఎడిటర్లు ఒకే స్టోరేజీ మీద పనిచేసే చోట ఫైబర్ ఛానెల్ కార్డు గాని, 100 గిగాబిట్ ఈథర్‌నెట్ కార్డు గాని పెట్టుకోవచ్చు. థండర్‌బోల్ట్ 4 ద్వారా పీసీఐఈ డేటా సెకనుకు 32 గిగాబిట్లకు మించి పోదు కాబట్టి 100 గిగాబిట్ కార్డును బయటి పెట్టెలో పెట్టడం దండగ. నాలుగో తరం 16 లేన్ల స్లాట్‌లో అయితే సెకనుకు 31 గిగాబైట్లకు పైగా, అంటే దాదాపు 250 గిగాబిట్ల దారి ఉంటుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు ఎనిమిది పట్టే కార్డులు కూడా దొరుకుతాయి. కెమెరా నుంచి వచ్చిన ఫుటేజీని లోపలే, అంత వేగంగా పెట్టుకోగలగడం ఎడిటర్లకు పెద్ద సౌకర్యం.

ఈ జాబితాను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇందులో ఉన్నవన్నీ డేటాను లోపలికి తెచ్చేవో, బయటికి పంపేవో, నిలవ చేసేవో. హెచ్‌డీఎక్స్ వంటి ఒకటి రెండింటిని మినహాయిస్తే, లెక్కలు చేసే శక్తిని పెంచేది ఒక్కటీ లేదు. మ్యాక్ ప్రో స్లాట్ల స్వభావం ఇదే, దాని పరిమితి కూడా ఇక్కడే ఉంది.

గ్రాఫిక్స్ కార్డు విషయం తీసుకుంటే, ఈ స్లాట్‌లలో ఏ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు పెట్టినా తెర మీద బొమ్మ రాదు, రెండరింగ్‌కూ పనికిరాదు. యాపిల్ సొంత చిప్‌ల మీద నడిచే మ్యాక్‌ఓఎస్‌లో బయటి గ్రాఫిక్స్ కార్డులకు డ్రైవర్లు లేవు. ఎన్విడియా కొత్త కార్డులకు మ్యాక్‌లో డ్రైవర్లు రావడం 2018 నాటి మొహావీతోనే ఆగిపోయింది. ఏఎండీ కార్డులు ఇంటెల్ మ్యాక్‌లతో పాటే వెళ్లిపోయాయి. 2019 మ్యాక్ ప్రోలో లక్షలు పోసి ఎంపీఎక్స్ అనే గ్రాఫిక్స్ మాడ్యూళ్లు కొన్న సంస్థలకు వాటిని అదే ఆకారంలో ఉన్న కొత్త పెట్టెలోకి మార్చుకునే వీలు లేదు. మెమరీ మాడ్యూళ్లదీ అదే గతి. ఇంతకు ముందు తరంలో పెట్టుబడి పెట్టిన వాళ్లనే ఇది అన్నిటికన్నా ఎక్కువ బాధించిందని నా అభిప్రాయం.

మెమరీ విషయం ఇంకా లోతైనది. ఎం2 అల్ట్రాలో మెమరీ చిప్ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. 64, 128, 192 జీబీల్లో ఏది కావాలో ఆర్డరు పెట్టే రోజే తేల్చుకోవలసి వచ్చేది. 64 నుంచి 192కు వెళ్లడానికి యాపిల్ 1,600 డాలర్లు తీసుకుంది. ఆ రోజు డబ్బు చాలక 64తో సరిపెట్టుకున్న సంస్థ రెండేళ్ల తర్వాత పెద్ద పని చేతికొచ్చినా దాన్ని పెంచుకునే వీలుండదు. ఆ యంత్రం అమ్మేసి ఇంకొకటి కొనడమే. 2019 నమూనాలో 24 లేదా 28 కోర్లున్న ప్రాసెసర్‌తో 1.5 టీబీ దాకా మెమరీ పెట్టుకోగలిగేవాళ్లు. కొత్త నమూనా గరిష్ఠ పరిమితి అందులో ఎనిమిదో వంతు. పైగా పాతదానిలో తప్పులను పసిగట్టి దిద్దుకునే ఈసీసీ మెమరీ ఉండేది. కొత్తదాని వివరాల్లో ఆ మాటే లేదు.

192 జీబీ ఎవరికి చాలదు అని అడగవచ్చు. ఎడిటింగ్‌కు నూటికి తొంభై సందర్భాల్లో చాలుతుంది. కలర్ గ్రేడింగ్‌కూ చాలుతుంది. చాలనిది విజువల్ ఎఫెక్ట్స్ వాళ్లకు. నదికి వరద వచ్చినట్టో, కోట కూలి దుమ్ము లేచినట్టో చూపాలంటే నీటి, పొగల సిమ్యులేషన్ చేయాలి. దాని వివరం రెట్టింపు చేస్తే, అంటే మూడు దిక్కులా గళ్లను రెట్టింపు చేస్తే, గళ్ల సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది. ఒక్కో గడికి వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత వంటి విలువలు దాచాలి కాబట్టి మెమరీ కూడా దాదాపు ఆ లెక్కనే పెరుగుతుంది. 30 జీబీలో నడిచిన ముసాయిదా షాట్, దర్శకుడు 'ఇంకా సన్నగా కనిపించాలి' అన్న ఒక్క మాటతో 240 జీబీ అడుగుతుంది. అప్పుడు మెమరీ కర్రలు కొని తెచ్చి గుచ్చగలిగే యంత్రం ఉన్నవాడు పని పూర్తి చేస్తాడు. గుచ్చే చోటే లేని యంత్రం ఉన్నవాడు నాణ్యత తగ్గించుకోవాలి, లేదా ఆ షాట్‌ను ఇంకొకరికి పంపాలి. వృత్తి కోసం కొనే ఖరీదైన డెస్క్‌టాప్‌కు ఇలాంటి రోజున ఆదుకునే గుణం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

యాపిల్ ఇలా ఎందుకు చేసిందో కూడా న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే దీని వెనక సాంకేతిక కారణం నిజంగానే ఉంది. ఎం2 అల్ట్రాలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని సెకనుకు 800 గిగాబైట్ల వేగంతో చదువుతాయి. 2019 నమూనాలో ఆరు ఛానెళ్ల డీడీఆర్4 మెమరీ వేగం సెకనుకు 140 గిగాబైట్ల చిల్లర. ఎనిమిది ఛానెళ్లలో డీడీఆర్5-4800 మాడ్యూళ్లు నింపిన వర్క్‌స్టేషన్‌లో కూడా అది 307 దగ్గర ఆగుతుంది. మెమరీని చిప్ పక్కనే, విడదీయరాకుండా అమర్చడం వల్ల వచ్చిన ఫలితం ఇది. పైగా మొత్తం మెమరీని గ్రాఫిక్స్ కూడా వాడుకోగలదు. 48 జీబీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులో పట్టని దృశ్యం 192 జీబీ మ్యాక్‌లో పట్టడం గొప్ప సౌలభ్యమే. యాపిల్ హార్డ్‌వేర్ విభాగానికి సారథ్యం వహించిన జాన్ టెర్నస్ కూడా, తమ నిర్మాణమంతా ఈ ఉమ్మడి మెమరీ చుట్టూ ఉందనీ, అందులోకి ఇంకో గ్రాఫిక్స్ కార్డును ఎలా తేవాలో తమకు స్పష్టంగా లేదనీ 2023లోనే అన్నారు. వీడియో విషయంలోనూ లాభం పెద్దదే: 2019లో ప్రోరెస్ (ఎడిటింగ్‌లో వాడే యాపిల్ వీడియో ఫార్మాట్) వీడియో కోసం ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు విడిగా కొనవలసి వచ్చేది; ఎం2 అల్ట్రాలోని మీడియా ఇంజన్లు అలాంటి ఏడు కార్డుల పని చేస్తాయనీ, 22 ప్రవాహాల 8కే ప్రోరెస్ 422 వీడియోను ఒకేసారి ఆడిస్తాయనీ యాపిల్ ప్రకటించింది. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఇది చిన్న వరం కాదు.

కానీ ఈ మేలంతా చిప్‌ది. అదే మేలు 3,000 డాలర్లు తక్కువకు మ్యాక్ స్టూడియోలో దొరికింది. మ్యాక్ ప్రో పేరుతో అదనంగా వసూలు చేసింది విస్తరణ కోసం కాబట్టి, దాన్ని విస్తరణ తూకంతోనే తూచాలి.

యాపిల్‌కు ఈ పాఠం కొత్త కూడా కాదు. 2013 జూన్‌లో ఆ సంస్థ ప్రకటించి డిసెంబరులో అమ్మకానికి తెచ్చిన మ్యాక్ ప్రో 25 సెంటీమీటర్ల ఎత్తున్న నల్లటి స్తంభం. ధర 2,999 డాలర్లు. అందులో పీసీఐఈ స్లాట్ ఒక్కటీ లేదు, హార్డ్ డిస్క్‌లకు చోటు లేదు; కావలసినవన్నీ ఆరు థండర్‌బోల్ట్ 2 పోర్టులకు బయట తగిలించుకోమన్నారు. ప్రాసెసర్‌నూ రెండు గ్రాఫిక్స్ బోర్డులనూ వేడిని లాగేసే మూడు ముఖాల లోహపు గొట్టం చుట్టూ సమానంగా అమర్చారు. రెండు మధ్యరకం గ్రాఫిక్స్ కార్డులు కలిసి పనిచేసే రోజులు వస్తాయని యాపిల్ పందెం కాస్తే, పరిశ్రమ ఒకే పెద్ద కార్డు వైపు వెళ్లింది; ఆ వేడిని భరించే శక్తి ఆ స్తంభానికి లేకపోయింది. 2017 ఏప్రిల్‌లో కొందరు విలేకరులను పిలిచి, ఆ రూపకల్పన తమను వేడి విషయంలో ఒక మూలకు నెట్టేసిందని యాపిల్ సాఫ్ట్‌వేర్ విభాగం అధిపతి క్రెయిగ్ ఫెడెరిగీ ఒప్పుకున్నారు. అంతటి సంస్థ అలా బాహాటంగా ఒప్పుకోవడం అరుదు, దాన్ని మెచ్చుకోవాలి. దాని ఫలితంగానే 2019లో ఎనిమిది స్లాట్ల పెట్టె వచ్చింది. విస్తరణ కోరుకున్నవాళ్ల మాట విని కట్టిన ఆ పెట్టె నాలుగేళ్లకే, ఆకారం అలాగే ఉండి, సగం కడుపుతో తిరిగి రావడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

2025 మార్చిలో వచ్చిన మ్యాక్ స్టూడియో ఈ తేడాను ఇంకా పెంచింది. ఎం3 అల్ట్రా చిప్, 512 జీబీ దాకా మెమరీ, 16 టీబీ దాకా ఎస్‌ఎస్‌డీ, థండర్‌బోల్ట్ 5 పోర్టులు ఆ చిన్న పెట్టెలోకి వచ్చాయి. అప్పటికి మ్యాక్ ప్రో ఇంకా ఎం2 అల్ట్రాతో, 192 జీబీ హద్దుతో, థండర్‌బోల్ట్ 4తోనే ఉంది. పెంచుకోవడానికని కొన్న పెద్ద యంత్రంలో కన్నా, పెంచుకోలేని చిన్న యంత్రంలో రెండున్నర రెట్లకు పైగా మెమరీ దొరకడం విస్తరణ కోసం డబ్బు కట్టినవాడికి మింగుడు పడే విషయం కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో 2019 నమూనా కొంటే పోదా అని కొందరు అడుగుతున్నారు. మెమరీ, ఏఎండీ గ్రాఫిక్స్ పెంచుకోవడానికి అది నిజంగానే వీలైన యంత్రం. అయితే ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టహోనే చివరి పెద్ద వెర్షన్ అని యాపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. ఇప్పటికే సిద్ధంగా ఉన్న సెటప్‌ను కొన్నాళ్లు నెట్టుకురావడానికి తప్ప, కొత్త పెట్టుబడిగా దాన్ని సిఫార్సు చేయలేను.

మ్యాక్‌తోనే పని ముడిపడి లేనివాళ్లకు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. మన దగ్గర చాలామంది మొదట వెళ్లేది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే. అక్కడ అసెంబుల్ చేయించే కోర్ ఐ9, రైజెన్ 9 యంత్రాలు ధరకు తగ్గ వేగం ఇస్తాయి గాని, విస్తరణ విషయంలో వాటికీ హద్దులున్నాయని మరిచిపోకూడదు. కోర్ ఐ9-14900కే ప్రాసెసర్ నుంచి వచ్చే పీసీఐఈ లేన్లు 20 మాత్రమే. ఒక గ్రాఫిక్స్ కార్డుకు 16 పోతే మిగిలేవి నాలుగు. రెండో కార్డు పెడితే, బోర్డు అందుకు వీలిస్తేనే, చెరి ఎనిమిది పంచుకోవాలి, లేకపోతే రెండోది చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ఇంకో చిప్) వెనక నిలబడాలి. మదర్‌బోర్డు మీద మూడు పొడవాటి స్లాట్లు కనిపించినంత మాత్రాన మూడింటికీ పూర్తి దారి ఉన్నట్టు కాదు. మెమరీ సంగతి కూడా అంతే: రైజెన్ 7000 వరుసలో నాలుగు మాడ్యూళ్లూ నింపితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం డీడీఆర్5-3600కు పడిపోతుంది. దుకాణంలో కొటేషన్ రాయించుకునేటప్పుడు, ఏ స్లాట్‌కు ఎన్ని లేన్లు, అన్నీ నింపినప్పుడు ఎన్ని లేన్లు అన్నది బోర్డు మాన్యువల్ తెరిపించి చూపించమని అడగడం కొనేవాడి హక్కు.

అసలైన విస్తరణ కావాలంటే థ్రెడ్‌రిప్పర్ ప్రో లేదా జియాన్ డబ్ల్యూ తరగతి యంత్రాలకు వెళ్లాలి. థ్రెడ్‌రిప్పర్ ప్రో 7000 వరుసలో 96 కోర్ల దాకా, ఐదో తరం పీసీఐఈ లేన్లు 128, మెమరీ 2 టీబీ దాకా ఉంటాయి. హెచ్‌పీ జెడ్8 ఫ్యూరీ జీ5లో నాలుగు గ్రాఫిక్స్ కార్డులు పెట్టే వీలుంది. ఎన్విడియా కార్డుల మీదే నడిచే క్యూడా మీద ఆధారపడ్డ రెండరర్లు, సిమ్యులేషన్లు చేసేవాళ్లకు ఇదే దారి, ఇందులో రెండో ఆలోచన అక్కరలేదు. కష్టాలు లేవని కాదు. థ్రెడ్‌రిప్పర్ ప్రో ప్రాసెసర్ 350 వాట్లు, ఆర్‌టీఎక్స్ 6000 అడా కార్డులు రెండు కలిసి 600 వాట్లు. మిగతావి కలపకముందే 950 వాట్లు. మే నెలలో ఆ వేడిని గదిలోంచి తోడేయడానికి ఏసీ, కరెంటు పోతే నిలబెట్టడానికి తగిన యూపీఎస్ కూడా బడ్జెట్‌లోనే వేసుకోవాలి. ఆ తరం కార్డుల్లో రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ తీసేశారు కాబట్టి 48 జీబీ కార్డులు రెండు పెడితే 96 జీబీ ఒకే ముద్దగా దొరకదు. కొన్ని బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలో మదర్‌బోర్డు, పవర్ సప్లై కనెక్టర్లు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. ఏఎండీ ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు వాడే కొన్నిటిలో ప్రాసెసర్ కూడా ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతుంది. అయినా మెమరీ కర్ర ఒకటి పాడైతే మార్చుకోవడం, కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తే పెట్టుకోవడం వంటి ప్రాథమిక స్వేచ్ఛలకు వాటిలో లోటు లేదు.

కాబట్టి హెచ్‌డీఎక్స్ కార్డులున్న మిక్సింగ్ థియేటర్లు, ఎస్‌డీఐ, ఫైబర్ ఛానెల్ కార్డులతో నడిచే గ్రేడింగ్ గదులు మ్యాక్ ప్రోను నిస్సంకోచంగా పరిశీలించవచ్చు; వాళ్లు కూడా థండర్‌బోల్ట్ ఛాసిస్‌తో మ్యాక్ స్టూడియో ఖర్చు ఎంతవుతుందో పక్కన వేసి చూసుకోవాలి, ఒకే కార్డు ఉన్నవాళ్లకు అదే లాభం కావచ్చు. ఎడిటర్లకు, సంగీత దర్శకులకు మ్యాక్ స్టూడియో చాలు. విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలు దీని జోలికి రావద్దు.

కొనడానికే నిర్ణయించుకున్నవాళ్లు మూడు పనులు చేయాలి. మెమరీ మీకు ఈ రోజు కావలసినంత కాక, ఈ యంత్రాన్ని చివరి రోజు వరకు వాడేటప్పుడు కావలసినంత ఉన్నదే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీని మాత్రం తక్కువలో తీసుకొని, మిగిలిన డబ్బుతో స్లాట్‌లో ఎన్‌వీఎంఈ కార్డు పెట్టుకోండి. లోపలి ఎస్‌ఎస్‌డీని తర్వాత యాపిల్ కిట్‌తో మార్చుకోవచ్చు గాని, అందుకు రెండు మాడ్యూళ్లనూ జతగా మార్చి, ఇంకో మ్యాక్‌ను కేబుల్‌తో కలిపి యాపిల్ కాన్ఫిగరేటర్ ద్వారా యంత్రాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. ఇక కార్డు అమ్మే సంస్థ నుంచి, తమ డ్రైవర్ యాపిల్ చిప్‌ల మీద, మీరు వాడబోయే మ్యాక్‌ఓఎస్ వెర్షన్‌లో నడుస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ డ్రైవర్ పాత పద్ధతి కెర్నల్ ఎక్స్‌టెన్షన్ (మ్యాక్‌ఓఎస్ మూలభాగంలోకే చేరే ప్రోగ్రాం) అయితే, రికవరీ మోడ్‌లోకి వెళ్లి యంత్రం భద్రతా స్థాయిని తగ్గిస్తే గాని అది లోడ్ కాదు. హాలీవుడ్ స్టూడియోల పనులు చేసే సంస్థల్లో కంటెంట్ భద్రతా ఆడిట్లు ఉంటాయి కాబట్టి, డబ్బు కట్టకముందే ఈ ఒక్క సంగతి మీ ఐటీ విభాగాన్ని అడిగి తెలుసుకోండి.